మంజీర గట్టున ధైర్యము



క్యాన్సరని వైద్యుడు చెప్పిన నాడు ఆ యింటిలో మొదట మూతపడునది వీధి తలుపు. రోగి లోగదిలో ఉండును. తక్కినవారు వసారాలో గొంతు తగ్గించి మాటలాడుకొందురు. పిల్లలను మేనమామ ఇంటికి పంపుదురు. మన బాన్సువాడ ప్రాంతమునుండి హైదరాబాదులోని ఎం.ఎన్.జె. ఆసుపత్రికి తిరుగు కుటుంబములను చూచినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. మందు అచ్చట లభించును. మరి ధైర్యమును ఎచ్చట తెచ్చుకొనవలెను?

"ధైర్యముగా ఉండుము" అని పరామర్శకు వచ్చిన ప్రతివారును చెప్పుదురు. ఆ మాటతో ధైర్యము వచ్చియుండిన పాటికి ఎన్నడో వచ్చియుండెడిది. కాలు కదిపిననే అది కలుగును.

జంగమమనగా కదలునది. బసవేశ్వరుడు రాతిగుడికంటె నడచు దేహమునకే ఎక్కువ గౌరవమిచ్చెను. ఇష్టలింగధారికి పూజకై గర్భగుడి అక్కరలేదు, అరచేయియే పీఠము. లోగదిలో చేసినను, మంజీర గట్టున చెట్టునీడన చేసినను ఆ పూజ ఒక్కటియే. అక్కమహాదేవి కల్యాణమునుండి శ్రీశైలమునకు కొండలు, అడవులు దాటి ఏకాకిగా నడచినది. ఆ కల్యాణము గల బీదరు సీమ మీదుగనే మంజీర మన పొలములకు వచ్చుచున్నది. 1931లో పూర్తియైన నిజాంసాగరు ఆ నీటినే మనకు పంచుచున్నది. ఇంత చేరువలో నదిని ఉంచుకొని మన రోగులను గోడలకు అప్పగింపనేల?

దూరదేశపు ముచ్చట ఒకటి వినుడు. రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందిన స్త్రీలు చేతులతో బరువు పని చేసినచో చేయి వాచునని వైద్యులు భయపెట్టెడివారు. 1996లో కెనడా దేశపు వాంకూవరు నగరమున డాన్ మెకెంజీ అను వైద్యుడు అట్టి స్త్రీలను 24 మందిని కూర్చి, శిక్షణ నిచ్చి, డ్రాగన్ పడవలో తెడ్లు వేయించెను. భయపడిన వాపు రాలేదు. నేడు అనేక దేశములలో అట్టి పడవ జట్లు కలవు. ఆ తల్లులకు తెడ్డు కాయకమైనది.

రోగికి నొప్పితో సమానమైన దుఃఖము మరియొకటి కలదు: చేతిలోని పనిని అందరును లాగికొనుట. కాలువ గట్టున కొంత దూరము నడచుట, మొక్క నాటుట, నడువలేనివారు చాపపై కూర్చుండి విత్తనములు ఏరుట, ఇవన్నియు కాయకములే. పక్కపక్కన నడచునప్పుడు, ముఖాముఖిగా అడుగలేని మాటలు పైకి వచ్చును. "అమ్మకు తగ్గునా?" అని బిడ్డ అడుగును. తగ్గునని ఒట్టు వేయలేము. "మందు ఇప్పించుచున్నాము, నేడు నీతో నడచుచున్నది చూడుము" అని నిజము చెప్పవచ్చును.

ఇంకను కొన్ని ఇండ్లలో రోగి కంచము, చెంబు వేరుగా పెట్టుచున్నారు. క్యాన్సరు తాకిన అంటుకొనునది కాదు. పంచసూతకములను త్రోసిపుచ్చిన మతమున పుట్టి మనము ఆరవ సూతకమును కల్పించుట సిగ్గుచేటు. వనభోజనమున రోగి వడ్డించినది అందరును తినుడు.

శ్రీశైల యాత్రకు బస్సులు మాట్లాడగల మఠములు, నెలకొక దినము ఇట్టి నాలుగు కుటుంబములకు ఒక బండిని ఏర్పరుపలేవా? దాసోహపు వంట ఎట్లును కలదు. అయితే ముందుగా చికిత్స చేయు వైద్యుని అడుగవలెను. కీమోథెరపీ తరువాత రక్తమున తెల్లకణములు తగ్గిన దినములలో గుంపులోనికి, బురద నీటిలోనికి పోరాదు. మట్టి పని ఇతరులకు విడువవలెను. జ్వరము వచ్చినచో నడక మాని వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఎండ ముదురక మునుపే బయలుదేరి, కాచి చల్లార్చిన నీరును, నీడకు ఒక గొడుగును వెంట ఉంచుకొనుడు.