అరిగిన మెట్లు

పాతవస్తువును బాగుచేయుట దానిని రక్షించుటయా, చెఱచుటయా యను ప్రశ్న పండితులు కూర్చుండి తర్కించుటకు మాత్రమే పుట్టినది కాదు. తాతగారి గడియారమో బామ్మగారి వీణయో యున్న ప్రతి యింటను ఎప్పుడో యొకప్పుడు తలయెత్తునదే. అయినను మేము దీనిని మన చదువరులలో పెక్కురకు క్రొత్తదగు నొక వాద్యమును బట్టి విచారింపదలచినాము. అమెరికాలో స్థిరపడిన మా మిత్రులొకరియొద్ద 1962వ సంవత్సరమునాటి ఫెండరు బేస్ గిటారు గలదు. దాని మెట్లు అరిగిపోయినవి. క్రొత్తమెట్లు వేయింపవలెనా, వేయించినచో నేలోహముతో, ఏకొలతతో వేయింపవలెనని వారు మాకు వ్రాసిరి. ఇందు సగము పనివానికి సంబంధించినది. తక్కిన సగము ధర్మమునకు సంబంధించినది.

బేస్ గిటారు ప్రాచీనవాద్యము కాదు. కాలిఫోర్నియాలో ఫుల్లర్‌టన్ అను నూరిలో రేడియోలు బాగుచేయుచు జీవించిన లియో ఫెండరను నాయన 1951లో దీనిని బజారునకు దెచ్చెను. అంతకుముందు మంద్రస్వరములు పలికింపవలెనన్న, మనిషియెత్తు డబుల్ బేస్‌ను నిలువబెట్టి వాయింపవలసియుండెను. దానికి మెట్లు లేవు. వ్రేలు వెంట్రుకవాసి తొలగినను శ్రుతి తొలగును. ఫెండరు దండిపై లోహపుమెట్లు బిగించి, మెట్టు వెనుక వ్రేలుంచినంతనే స్వరము నిక్కముగా పలుకునట్లు చేసెను. అందుచేతనే దానికి 'ప్రెసిషన్' అని, అనగా నిర్దుష్టమైనదని, పేరు పెట్టెను. ఈ వాద్యమునకు పేరిచ్చినవి మెట్లే యని చదువరులు గమనింతురుగాక. మఱియొక విశేషము. ఫెండరునకు గిటారు వాయించుట రాదు. ఆయన వాద్యమును యంత్రమువలె చూచెను. దండిని జిగురుతో అంటింపక నాలుగు మరలతో బిగించెను. చెడినచో విప్పి వేఱొకటి బిగింపవచ్చునని యాయన తాత్పర్యము.

ఈ మెట్లెట్టివో కొంచెము చెప్పవలెను. ఈ వాద్యమున తంత్రిపొడవు 34 అంగుళములు, మెట్లిరువది. పండ్రెండవ మెట్టు సరిగా సగమున, 17 అంగుళములకడ నుండును. తక్కిన వన్నియు లెక్క ప్రకారము దగ్గఱదగ్గఱగా సాగును. కఱ్ఱలో సన్నని గాడి కోసి, దానిలో మెట్టు కాలును దిగవేయుదురు. ఏండ్లకొలది ఉక్కుతంత్రి ఒకేచోట రాచుకొనగా మెట్టునెత్తిన గుంట పడును, శిఖరము చదునగును. తంత్రి శిఖరముపై నానుటకు మాఱుగా అంచున నాని శ్రుతిని స్వల్పముగా తప్పించును. లేదా ముందఱిమెట్టును తాకి జుమ్మని మ్రోగును. ఒకటి రెండు మారులు ఆకురాయితో సమము చేసి కాలము గడపవచ్చును. ఆపైన లోహమే మిగులదు.

ఈ లోహమునకు ఇంగ్లీషువారు నికెల్ వెండి యని పేరుపెట్టిరి. మన యిండ్లలో జర్మను వెండి యనునది యిదియే. రాగి, తుత్తునాగము, నూటికి రమారమి 18 పాళ్లు నికెలు కలియగా నైనది. వెండి యిందు రవంతయు లేదు. పేరులో వెండియుండి వస్తువులో లేకుండుట మనకు వింత గాదు, మన సంఘమున నట్టి వెన్నియో గలవు. కాని పాపము, ఈ లోహము మంచిదే. మెత్తనిది, ఆకురాయికి లొంగునది, దండిని నొప్పింపనిది. దీనికి పోటీగా నేడు తుప్పుపట్టని యుక్కుతీగ వచ్చినది. ఇది మిక్కిలి గట్టిది. రోజును వాయించువానికిని ఏండ్లతరబడి నిలుచును. కాని పనివాని పనిముట్లను తినివేయును. స్వరమును కొంత కరకుగా జేయునని కొందఱు, అదంతయు భ్రమ యని కొందఱు వాదింతురు. ఆ వాదమున మేము దిగము. కొలతలో గూడ భేదము గలదు. నాటి తీగ వెడల్పు సుమారు రెండు మిల్లీమీటర్లు, ఎత్తు ఒకటి. నేటివారు కోరు పెద్దతీగ వెడల్పు మూడింటికి దగ్గఱ. అది వ్రేలికి సుఖము, కంటికి క్రొత్త.

ఇప్పుడు ప్రశ్నకు వత్తము. ఆ యూరి వ్యాపారియొకడు మా మిత్రులతో, మెట్లు మార్చితివా వాద్యము వెల పడిపోవును, అరిగిననుసరే పుట్టినప్పటి మెట్లే యుండవలెను అనెనట. ఇట్టి వాద్యములను వాయింపక గాజుబీరువాలో నుంచి చూచుకొను ధనవంతు లీకాలమున పెక్కురు గలరు. వారికి అరుగుదలయే ఆభరణము. దండిని విప్పి పారవేసి వేఱొకటి బిగించుకొనుడని వాద్యమును నిర్మించినవాడే యేర్పాటు చేసియుండగా, వాని భక్తులు ఒక్క మెట్టును తాకుటయే మహాపాతకమనుచున్నారు! పూర్వులు తమ సౌకర్యమునకై చేసికొన్న యేర్పాటును, ఆ సౌకర్యము నశించిన పిదపను, పూర్వుల పేరనే పూజించుట మనకును తెలిసిన రోగమే.

మన దేశమున వీణయున్న యిల్లాలి నడిగి చూడుడు. వీణకు మెట్లిరువదినాలుగు, అవి కఱ్ఱలో దిగవేసినవి గావు, నల్లని మైనపుకట్టపై నిలిపినవి. వేసవివేడికి మైనము మెత్తబడును, మెట్లు కదలును, వాయింపగా వాయింపగా లోహమును అరుగును. అప్పుడు పనివానిని పిలిచి, మెట్లూడదీసి, క్రొత్తమైనము పోసి, ఒక్కొక్క స్వరస్థానమును చెవితో చూచి మరల నిలుపుదురు. బొబ్బిలిలో పనసమ్రానున నొకే దుంగను తొలిచి చేసిన యేకాండివీణకును ఈ సేవ తప్పదు. ఇట్లు చేయించినందువలన ఇది మా బామ్మ వీణ గాదని యే మనుమరాలైన ననెనా? తిరుగలికి గంట్లు పెట్టించినవారును, నాగటికి కఱ్ఱు మార్చినవారును తమ వస్తువు పోయినదని విలపింపరు. పాశ్చాత్యులలోను ఇంతే. 1737లో మరణించిన స్ట్రాడివారి చేసిన వయొలినులలో దాదాపు అన్నింటికిని పిదపవారు దండి మార్చినారు, ఏలయన సంగీతము మాఱినది, పొడవైన దండి కావలసివచ్చినది. అయినను అవి స్ట్రాడివారి వయొలినులే యని లోకము కోట్లు పోయుచున్నది.

అట్లని భాగములెన్ని మార్చినను వస్తువు చెడదని మేమనము. మిలిందపన్హమను పాళీగ్రంథమున నాగసేనుడను భిక్షువు యవనరాజగు మిలిందుని, రథమనగా నేది, చక్రములా, ఇరుసా, నొగలా యని యడుగుచు వచ్చును. ఏదియు గాదని రాజొప్పుకొనును. అన్నియు కూడినప్పుడు వ్యవహారమునకై పెట్టుకొన్న పేరు రథమని తేలును. గ్రీకులును థీసియసు ఓడను గూర్చి యిట్లే తర్కించిరి. పలకలొక్కొక్కటిగా మార్చినచో అది యేయోడ యని. పదునేడవ శతాబ్దిలో హాబ్సు అను తాత్త్వికుడు మఱియొక చిక్కు వేసెను. తీసివేసిన పాతపలకలన్నింటిని దాచి వేఱొకడు ఓడ కట్టినచో, ఆ రెండింటిలో నేది నిజమైనది? ఇది వినోదపుప్రశ్న యనుకొనరాదు. పాతగిటారుల నుండి తీసిన మరలును, మీటలును, తీగచుట్టలును నేడు విడివిడిగా నమ్ముడుపోవుచున్నవి. వానిని కూర్చి 'నాటిది' అని చెప్పి యమ్మువారును గలరు.

కావున భాగమునకును వస్తువునకును గల సంబంధమును వేఱొక విధముగా నిర్ణయింపవలెను. మా కిట్లు తోచుచున్నది. అరుగుటకొఱకే యుంచబడిన భాగమును మార్చుట వస్తువుయొక్క ధర్మమునకు లోబడిన పని. వస్తువును మోయు భాగమును, మరల తేలేని భాగమును కోయుట వేఱు. మెట్టు మొదటి తెగకు జెందును. దానిక్రింది పలక రెండవ తెగకు. ఆ పలక బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్డు. ఆ చెట్టు అడవులలో క్షీణింపగా 1992లో దాని కఱ్ఱవర్తకమును దేశములు కూడి నిషేధించినవి. ఫెండరు కర్మాగారము అంతకుముందే, 1960 తరువాతి దశకపు నడుమ, మన దక్షిణదేశపు రోజ్‌వుడ్డునకు మాఱినది. అదిగాక 1962 నడిమినుండి ఆ పలకను దళసరిగా గాక పలుచని యట్టువలె అతికించుచు వచ్చిరి. నేటి పనివారు కొందఱు పెద్దతీగకు వీలుగా నుండుటకై ఈ పలకను చిత్రికపట్టి చదును చేయుదురు. పోయిన పొట్టు తిరిగి రాదు. తీగ విషయమున మేమెంత యుదారులమో దీని విషయమున అంత కఠినులము.

తీయు పద్ధతిలోను తెలియవలసినది గలదు. నాటి ఫెండరు కర్మాగారమున మెట్లను పైనుండి కొట్టక, ప్రక్కనుండి గాడిలోనికి జొనిపెడివారు. ఈ సంగతి యెఱుగనివాడు పటకారుతో పట్టి పైకి లాగినచో రోజ్‌వుడ్డు పెచ్చులు పెచ్చులుగా లేచును. ఎట్లు వచ్చినదో అట్లే, ప్రక్కకు మెల్లగా త్రోసి తీయవలెను. దురాచారములను పెఱికివేయుదుమని తొందరపడు మన యువకులకు ఈ పనిని ఒకపూట చూపింపవలెనని మాకు కోరిక. తీయవలదని గాదు, ఎట్లు దిగినదో తెలిసికొని తీయవలెనని.

1962వ సంవత్సరపు ఫెండరు బేస్‌లు రెండింటి చరిత్ర లోకప్రసిద్ధము. ఒకటి డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు వాయించిన జేమ్సు జేమర్‌సన్‌ది. నునుపుచుట్టు గల బరువైన తంత్రులు వేసికొని, వానిని మార్చుటకు గూడ నిష్టపడక, ఉన్నదున్నట్లు వాయించెను. రెండవది జాకో పాస్టోరియస్‌ది. ఈతడు మెట్లన్నియు నూడబెఱికి, గాడులు పూడ్చి, పడవలకు పూయు గట్టి జిగురును పలకపై పూసి, మెట్లచేత పేరు గాంచిన జాతివాద్యమును మెట్లులేనిదిగా జేసెను. వ్యాపారి కంటికి ఇది హత్య. కాని 1976లో ఆతని మొదటి సంపుటము వెలువడినప్పుడు ఆ స్వరమును వినినవారెవ్వరును మెట్లకై విచారింపలేదు. తరువాత నది ముక్కలైనది, అతికింపబడినది, 1986లో దొంగిలింపబడి యిరువది యేండ్ల పిమ్మట దొరకినది; నేటికిని అది జాకో వాద్యమే. జేమర్‌సన్ వాద్యమును 1983లో, ఆయన మరణమునకు కొంచెము ముందు, దొంగలపాలైనది. తాకనివాడును, తలక్రిందులు చేసినవాడును, ఇరువురును ఆ కఱ్ఱతో పని చేసినవారే. బీరువాలో నుంచినవాని పేరు మాత్రము మాకు తెలియదు.

పాస్టోరియస్ ఉదాహరణమును అందఱును అనుసరింపవచ్చునని మేము చెప్పము. ఆతడు తీసికొన్న స్వాతంత్ర్యమునకు తగిన మూల్యము తన వ్రేళ్లతో నిచ్చెను. అట్లీయలేనివాడు ముందువెనుక లాలోచింపవలెను. ఈ వాద్యమునకు మన తరువాతను యజమానులు గలరు గదా.

వ్యాపారి మా మిత్రులతో చివర ననిన మాట యొకటి మాకు మిక్కిలి బాధ కలిగించినది. మార్చినను మార్చుము గాని పాతతీగవంటిదే వేయించి, అమ్మునప్పుడు నోరెత్తకుము, ఎవరికి తెలియును? అనెనట. అసలైన పాపమిక్కడ నున్నది. కట్టడములను బాగుచేయుటను గూర్చి 1964లో వెనిసులో కూడిన నిపుణులు, చేర్చిన భాగము మొత్తముతో నొప్పియుండవలెను గాని పాతదని భ్రమ పుట్టింపరాదని నియమము చేసిరి. కట్టడమునకు తగినది వాద్యమునకును తగును. మార్చుటలో దోషము లేదు, మార్చలేదనుటలో నున్నది. పాతకొలత తీగను వేయించుట వ్రేలికి ప్రియమై యైనచో సత్యము, కొనువానిని మోసగించుటకైనచో అదే తీగ అసత్యము.

మేము వ్రాసిన ప్రత్యుత్తరము సంగ్రహముగా నిది. వాద్యమును వాయించుచున్నారు గనుక మెట్లు మార్పింపవలెను. పలకను చిత్రికపట్టనీయరాదు. జేమర్‌సన్‌వలె నునుపు తంత్రులు వేసికొనువారైతే జర్మను వెండి యెంతకాలమైనను చాలును. గరుకుతంత్రులతో ప్రతిరాత్రి వాయించువారైతే ఉక్కును మేము నిషేధింపము, కాని రాబోవు పనివాడు దానిని తీయుటకు పడు శ్రమను గూడ తలంపవలెను. వారు కొన్నాళ్లాలోచించి, పాత వెడల్పునే యుంచి ఎత్తు మాత్రము కొంచెము హెచ్చైన జర్మను వెండితీగను తెప్పించుకొనిరి. పాతమెట్లిరువదియు వరుసతప్పక దారముతో కట్టి, మార్చిన తేదీయు, లోహమును, పనివాని పేరును వ్రాసిన కాగితముతో కూడ వాద్యపుపెట్టెలో నుంచిరి. వ్యాపారి ఆ కాగితమును చించివేయుమని సలహా చెప్పెనట. దానిని వారు పెట్టెమూతకు లోపలివైపున జిగురుతో అంటించిరి.