పది గజాల నేల

కెనడియన్ ఫుట్‌బాల్ మైదానం పొడవు 110 గజాలు. 2027 నుంచి అది 100 గజాలు అవుతుందని లీగ్ కమిషనర్ స్టూవర్ట్ జాన్‌స్టన్ 2025 సెప్టెంబరులో ప్రకటించాడు. రెండు చివర్లా 20 గజాల చొప్పున ఉండే ఎండ్ జోన్లు 15కి తగ్గుతాయి. గోల్ గీత మీద నిలబడి ఉండే పోస్టులు ఎండ్ జోన్ వెనక్కి, అమెరికాలో ఎక్కడుంటాయో అక్కడికే వెళతాయి. దీంతో టచ్‌డౌన్లు పెరుగుతాయి, జనం పెరుగుతారు, డబ్బు పెరుగుతుంది అంటున్నారు. జనం సంగతి, డబ్బు సంగతి నేను నమ్మను. అయినా నన్ను తొలుస్తున్నది అది కాదు. ఆట బతకడానికి ఆటనే కోస్తూ పోతే, చివరికి బతికి బట్టకట్టేది ఏది?

నేనుండేది రెజీనాలో. సస్కాచెవాన్ రఫ్‌రైడర్స్ మా జట్టు. 2007లో ఉద్యోగానికి ఈ ఊరొచ్చాను. ఆ నవంబరులోనే జట్టు లీగ్ విజేతకిచ్చే గ్రే కప్ గెలిచింది. ఈ లీగ్ ఇంకెన్నాళ్లో ఉండదన్న మాట కూడా అప్పటి నుంచే వింటున్నాను. వినీ వినీ, ఈ ఆట చూడటమంటే దాని జమాఖర్చులు చూడటం కూడా అయిపోయింది. టొరంటోలో ఎంతమంది వచ్చారు, ఎడ్మంటన్‌లో ఎన్ని కుర్చీలు ఖాళీ, టీవీ ఒప్పందం ఎప్పటిదాకా, ఇవన్నీ స్కోరుతో పాటు చూసుకుంటాం. ఇంకే ఆటకూ అభిమానులు ఇలా గుమాస్తాగిరీ చేయరేమో.

అంకెలు చూస్తే భయం వేయక మానదు. ఈ లీగ్‌లో ఒక జట్టు మొత్తానికి ఏడాది జీతాల పరిమితి 2025లో దాదాపు 60 లక్షల కెనడియన్ డాలర్లు. అదే ఏడాది అమెరికా ఎన్ఎఫ్ఎల్‌లో ఒక్కో జట్టు పరిమితి 27.92 కోట్ల అమెరికన్ డాలర్లు. ఇంత తేడా ఉన్నచోట పోటీ అనే మాటే కుదరదు. ఆ మహా లీగ్ సరిహద్దుకు అవతల ఉన్నా, దాని ఆటలు మాత్రం ప్రతి ఆదివారం మా ఇళ్లలోనే ఆడుతున్నాయి.

సొంత కాళ్ల మీద నిలబడలేనిది పోవడమే న్యాయం అనేవాళ్లు నాకు రోజూ తగులుతారు. వాళ్లతో నాకు ఓపిక నశించింది. టొరంటోకు రెండు గంటల దూరంలో, బఫెలోలో ఎన్ఎఫ్ఎల్ జట్టుకు కొత్త స్టేడియం కడుతుంటే న్యూయార్క్ రాష్ట్రం, అక్కడి కౌంటీ కలిసి 85 కోట్ల డాలర్ల ప్రజాధనం ఇవ్వడానికి ఒప్పుకున్నాయి. ప్రపంచంలోకెల్లా డబ్బున్న లీగ్ అది. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు మా లీగ్ ముందు 15 కోట్ల దాకా సాయం అడిగి, చివరికి 3 కోట్ల డాలర్ల వడ్డీలేని అప్పుకు దిగివచ్చింది. కెనడా ప్రభుత్వం కాదంది. ఆ ఏడాది ఆట లేదు. 1919 తర్వాత గ్రే కప్ జరగని మొదటి సంవత్సరం అదే. ఎవరు ఎవరి కాళ్ల మీద నిలబడ్డారో చెప్పమనండి.

ప్రేమ ఉంటే చాలు, జనం ఆదుకుంటారు అనే మాట కూడా నాకు అంతే కిట్టదు. ఒట్టావా రఫ్‌రైడర్స్ 1876లో పుట్టిన క్లబ్బు. 1996లో మూతపడింది. ఆ ఊళ్లో ప్రేమ లేకనా? ఎడ్మంటన్ జట్టు కూడా ఒకప్పుడు ఊరి జనానిదే, ఒక్కరి సొత్తు కాదు. వరుస ఓటములతో, ఖాళీ కుర్చీలతో చితికి 2024లో ఒక వ్యాపారి చేతికి వెళ్లింది. మా జట్టు ఇంకా జనానిదే. దాని షేర్లు కొన్నవాళ్లకు ఏడాది చివర లాభంలో పైసా రాదు, సర్వసభ్య సమావేశంలో ఓటు మాత్రం ఉంటుంది. ఎడ్మంటన్‌ను చూశాక, ఆ షేరు కాగితం రక్షణ కవచమని నేననుకోవడం మానేశాను.

కొన్నేళ్లుగా నా వాదన ఒకటుండేది: ఈ లీగ్‌ను చంపబోయింది లేమి కాదు, పెద్ద డబ్బు మీద ఆశ అని. 1991లో టొరంటో ఆర్గొనాట్స్‌ను బ్రూస్ మెక్‌నాల్, హాకీ వీరుడు వేన్ గ్రెట్జ్‌కీ, నటుడు జాన్ క్యాండీ కలిసి కొన్నారు. రాకెట్ ఇస్మాయిల్ అనే అమెరికన్ కుర్రాడికి నాలుగేళ్లకు 1.8 కోట్ల డాలర్లకు పైగా రాసిచ్చారు. ఆ ఏడాదే కప్పు గెలిచారు. తర్వాత మెక్‌నాల్ బ్యాంకులను మోసగించిన నేరానికి జైలుకెళ్లాడు. 1993లో లీగ్ అమెరికాలోకి అడుగుపెట్టింది. శాక్రమెంటో, లాస్ వేగస్, ష్రీవ్‌పోర్ట్, బర్మింగ్‌హామ్, మెంఫిస్, శాన్ ఆంటోనియో... 1995లో బాల్టిమోర్ జట్టు గ్రే కప్‌ను సరిహద్దు దాటించి పట్టుకుపోయింది. మరుసటేటికి అమెరికా జట్లు ఒక్కటీ మిగల్లేదు. ఆ బాల్టిమోర్ యాజమాన్యమే మాంట్రియల్‌కు తరలివచ్చింది.

ఇక మాంట్రియల్ కథ నా వాదనకు మరీ ఇష్టమైనది. అక్కడి జట్టు విశాలమైన ఒలింపిక్ స్టేడియంలో కుర్చీల మధ్య పలచగా కూర్చున్న జనం ముందు ఆడేది. 1997లో అక్కడ యూ2 బృందం కచేరీ ఉండటంతో ప్లేఆఫ్ ఆటను మెక్‌గిల్ విశ్వవిద్యాలయం కొండవాలులోని పాత, చిన్న పెర్సివల్ మోల్సన్ స్టేడియానికి మార్చారు. అది నిండిపోయింది. మరుసటేడు జట్టు అక్కడికే కాపురం మార్చింది. చిన్న ఇంట్లోకి వెళ్లాకే మాంట్రియల్‌లో ఆట నిలబడింది.

ఈ వాదనతో చాలాకాలం హాయిగా ఉండేవాణ్ణి. కానీ అది పూర్తిగా నిలవదు. అమెరికా జట్లు లీగ్‌లో చేరడానికి కట్టిన రుసుములే ఆ రోజుల్లో ఇక్కడి దివాలా అంచున ఉన్న క్లబ్బులకు జీతాలిచ్చుకునే దారి అయ్యాయి. 1997లో లీగ్‌కు ఊపిరి పోసిన 30 లక్షల డాలర్ల అప్పు ఎక్కడి నుంచి వచ్చింది? ఎన్ఎఫ్ఎల్ ఇచ్చింది. ఏ పెద్ద డబ్బు దీన్ని మింగుతుందని భయపడ్డానో ఆ డబ్బే దీన్ని నిలబెట్టింది కూడా. మరి చిన్నదిగా ఉండటమే దీని బలం అని ఏ మొహంతో చెప్పను? చిన్నదిగా ఉండటానికి కూడా ఎవరో ఒకరు బిల్లు కట్టాలి.

ఇలా తేలకుండా ఉన్న సమయంలోనే 2025 నవంబరు 8 వచ్చింది. రెజీనా మొజాయిక్ స్టేడియంలో వెస్ట్ ఫైనల్. మా జట్టు, వాంకూవర్ నుంచి వచ్చిన బీసీ లయన్స్. ఈ స్టేడియాన్ని 27.8 కోట్ల డాలర్లతో కట్టి 2017లో తెరిచారు, చాలావరకు ప్రజల డబ్బే. మొత్తం రాష్ట్రంలో 12 లక్షల చిల్లర జనం ఉన్నచోట ముప్పై వేల పైచిలుకు కుర్చీలు. మా అభిమానుల పద్ధతిలో పుచ్చకాయ దొలిచి శిరస్త్రాణంలా తలకు తొడుక్కున్న కుర్రాళ్లు ఆ చలిలో కూడా ఉన్నారు. నా పక్క సీటు ఒక గోధుమ రైతుది. స్విఫ్ట్ కరెంట్ అనే ఊరికి అవతలి నుంచి మూడు గంటలు బండి నడుపుకుంటూ వస్తాడు. ఎనభైకి దగ్గరపడిన మనిషి. ఏళ్ల తరబడి పక్క పక్కన కూర్చున్నా మేం మాట్లాడుకునేది ఆట గురించే.

ఆ రోజు నేను పది గజాల గోడు ఎత్తుకున్నాను. ఎదుటి జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్ నేథన్ రూర్క్ కెనడా కుర్రాడు. ఈ మార్పుల మీద బాహాటంగా మండిపడినవాడు. అతనే నయం, మన వైపు ఎవరూ అంత గట్టిగా అడగలేదు అన్నాను. పెద్దాయన ఫ్లాస్కులో కాఫీ మూతలోకి వంపుకుంటూ విన్నాడు.

"ఎండ్ జోన్ ఎన్ని గజాలు?" అన్నాడు.

"20. ఇప్పుడు 15 చేస్తున్నారు."

"1986 దాకా 25. నువ్వు 20 అనుకునేది కూడా కోసిందే. నా చిన్నప్పుడు టచ్‌డౌన్‌కు 5 పాయింట్లిచ్చేవాళ్లు. 1956లో 6 చేశారు. మా నాన్న ఆ ఏడాదంతా రేడియో ముందు గొణిగాడు."

నేను వదల్లేదు. మరి మీకు బాధ లేదా అన్నాను. ఆయన బాధ వేరే. 1987లో క్లబ్బు అప్పుల్లో మునిగి టీవీలో విరాళాల కార్యక్రమం పెట్టినప్పుడు, పంట సరిగా రాని ఏడాదిలో తాను ఫోన్ చేసి డబ్బు రాయించిన సంగతి చెప్పాడు. ఇంట్లో భార్యకు కూడా అప్పట్లో చెప్పలేదట. "అది మా వైపు సంగతి. ఇప్పుడు టొరంటోలో నా మనవళ్లున్నారు. వాళ్లకు ఎన్ఎఫ్ఎల్‌లో ప్రతి జట్టు క్వార్టర్‌బ్యాక్ పేరూ తెలుసు. వాళ్ల ఊరి జట్టుకు క్వార్టర్‌బ్యాక్ ఎవరంటే తెలియదు. గజాలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే వాళ్లొస్తారా?"

చివరి నిమిషానికి మా జట్టు 21-17తో వెనకబడి ఉంది. మా క్వార్టర్‌బ్యాక్ ట్రెవర్ హారిస్ బంతిని ముందుకు నడిపించుకుంటూ వచ్చి, గడియారంలో సెకన్లు మిగిలి ఉండగా టామీ నీల్డ్‌కు విసిరాడు. టచ్‌డౌన్, ఆపై అదనపు పాయింటు. 24-21. పెద్దాయన కాఫీ నా ఒళ్లో పడింది. ఇద్దరం కేకలు పెడుతున్నాం, ఎవరి మాట ఎవరికీ వినపడలేదు. కాసేపటికి ఆయన నా చెవి దగ్గరకు వచ్చి అరిచాడు: "గ్వెల్ఫ్ కుర్రాడు!" నీల్డ్ సొంతూరు ఆంటారియోలోని గ్వెల్ఫ్. తర్వాతి వారం విన్నిపెగ్‌లో మాంట్రియల్‌ను 25-17తో ఓడించి మా జట్టు చరిత్రలో ఐదోసారి కప్పు తెచ్చుకుంది.

ఆ రాత్రి నుంచి నా ప్రశ్న వేరే దారి పట్టింది. 110 గజాలు కావాలని గట్టిగా పట్టుబట్టేది బయటి నుంచి వచ్చిన నేను, పర్వాలేదనేది ఈ నేలలో పుట్టిన ఆయన. ఎందుకిలా? నేను ఈ ఆటను నేర్చుకున్నది అమెరికా ఆటకు ఎక్కడెక్కడ తేడా ఉందో చూసుకుంటూ. మూడు డౌన్లు అంటే మూడే ప్రయత్నాలు, పన్నెండు మంది, వెడల్పాటి మైదానం, రూజ్ అనే ఒక్క పాయింటు, వీటన్నిటినీ గుర్తుపెట్టుకుని ఇది మాది అన్నాను. ఆయనకు ఈ ఆట తేడాల జాబితా కాదు, తండ్రి రేడియో. విదేశాల్లో ఉన్న మనం వదిలి వచ్చిన ఏడాది దగ్గరే మన ఊరిని ఆపేసి చూస్తుంటాం. ఊళ్లోవాళ్లేమో ఎప్పుడో మారిపోయి ఉంటారు. చేరిన ఊరి విషయంలోనూ అలాగే చేస్తామని నాకప్పుడే తట్టింది.

అలాగని ఆయన చెప్పిందంతా ఒప్పుకోలేను. 1986లో ఎవరో కోశారు కాబట్టి 2027లోనూ కోయవచ్చంటే, ఆ లెక్కన ఏ 2040లోనో మూడు డౌన్లు నాలుగవుతాయి. అప్పుడు కూడా ఎవరో ఒక ముసలాయన ఇది మామూలే అంటాడు. మూడు డౌన్లు, పన్నెండు మంది, వెడల్పు ఉంటాయని జాన్‌స్టన్ మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టుకుంటాడనే అనుకుంటాను. కానీ మా లీగ్‌లో కమిషనర్లు మారతారు, అప్పులు మిగులుతాయి.

మరి ఎక్కడ గీత గీయాలి? గజాల దగ్గర కాదని ఇప్పుడు నా తీర్పు. టొరంటో బీఎంఓ ఫీల్డ్ సాకర్ కోసం కట్టింది. అందులో 20 గజాల ఎండ్ జోన్ పట్టక ఇన్నాళ్లూ 18 గజాలతోనే ఆడారు. దాంతో ఆట అమెరికాదైపోలేదు, స్టేడియం నిండనూ లేదు. పొడవు వల్ల టొరంటోలో ఒక్కడూ ఆటకు దూరం కాలేదు, పొడవు తగ్గించినందుకు ఒక్కడూ రాడు. గీత గీయవలసింది కెనడా ఆటగాళ్ల కోటా దగ్గర. ప్రతి జట్టూ ఆట మొదలుపెట్టేవాళ్లలో ఇంతమంది దేశీయులను ఆడించి తీరాలన్న నియమం ఉండబట్టే గ్వెల్ఫ్ కుర్రాడికి ఆ రాత్రి మైదానంలో చోటుంది. 2025లో ఏడాదికి 70 వేల డాలర్లున్న కనీస జీతం మీద, సీజన్ అయ్యాక ఇంకో పని చూసుకుంటూ ఆడే వాళ్లలో చాలామంది ఆ నియమం వల్ల నిలిచినవాళ్లే. ఆ కోటాను ఖర్చు పేరుతోనో, నాణ్యత పేరుతోనో తగ్గించాలన్న మాట ఎప్పుడూ ఏదో మూల వినపడుతూనే ఉంటుంది. ఈసారి వినపడితే సర్వసభ్య సమావేశంలో లేచి అడ్డుపడతాను. పది గజాలు తీసుకోండి, ఈ చోటు మాత్రం ముట్టుకోకండి అంటాను.

ఇక డబ్బు. రెజీనాకు టికెట్లు అమ్మడం నేర్పనక్కర్లేదు, విన్నిపెగ్‌కూ అక్కర్లేదు. లీగ్ భవిష్యత్తు తేలేది 2021 జనగణనకే 62 లక్షల జనమున్న టొరంటో మహానగరంలో. అక్కడ బ్రాంప్టన్‌లో, మిసిసాగాలో, స్కార్‌బరోలో ఉన్న తెలుగువాళ్లు మా రెజీనా తెలుగువాళ్లకు ఎన్నో రెట్లు. క్రికెట్ కోసం తెల్లవారుజామున లేచేవాళ్లు మనలో తక్కువేం లేరు. ఆట మీద ఆసక్తి లేదని ఎవరూ అనలేరు. ఈ వేసవిలో ఒక్క సాయంత్రం పిల్లల్ని తీసుకుని ఆర్గొనాట్స్ ఆటకు వెళ్లండి. హాకీ టికెట్ కంటే చాలా తక్కువలో అయిపోతుంది. నియమాలు అర్థం కాకపోతే పక్క సీటు వాళ్లను అడగండి, చెప్పకుండా ఉండలేరు.

మా జట్టు అక్కడికొచ్చిన రోజైతే మరీ మంచిది. స్టాండ్లలో సగం మా జట్టు రంగైన ఆకుపచ్చగా ఉంటుంది, ఆ రంగు వేసుకున్నవాళ్లలో ఎవరి పక్కన కూర్చున్నా ఫర్వాలేదు.