సంతకం పెట్టేముందు

రొంపిచెర్ల

మాధవీ,

మొన్న ఫోన్లో ఆ లేఅవుట్ వాళ్ళు నీ చెరువుగట్టు జంతువుల సర్వేకి డబ్బిస్తామన్నారని చెప్పి, ఆఖర్న "రిపోర్టు ముందు వాళ్ళకి చూపించాలంట తాతయ్యా, అంతే" అన్నావు. ఆ "అంతే" దగ్గర్నుంచి నాకు నిద్ర పట్టట్లేదు.

మీ నాయనమ్మ వసారా దూలానికి వరికంకుల కుచ్చు కట్టేది, గుర్తుందా? ఎన్ని పిచ్చుకలొచ్చాయో పలక మీద గీతలు పెట్టేదానివి. ఒకనాడు మీ అన్న ఊరికే రెండు గీతలు ఎక్కువ గీశాడని ఏడ్చి, పలకంతా చెరిపేసి మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టావు. అప్పటికి నీకు ఆరేళ్ళు.

చిన్న తాత మనింటికి ఎందుకు రాడని చాలాసార్లు అడిగావు. ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను. నీ వయసుకి కాస్త పెద్దవాణ్ణి అప్పుడు. మిరపకి పెట్టుబడి లేక గుంటూర్లో ఒక దుకాణం దగ్గర ముందే డబ్బు తెచ్చుకున్నా. పంట వాళ్ళకే తోలాలి. కాటా వాళ్ళదే, తరుగు వాళ్ళు చెప్పిందే. మంచి కాయని తాలు కింద కట్టినా నోరెత్తలేదు. అదంతా డబ్బు నష్టం, పూడుకుంది. ఆ దుకాణమే విత్తనం కూడా అమ్మేది. నా మడిలో సగం మొలవలేదు. మా తమ్ముడు వచ్చి గట్టు మీద నిలబడి "విత్తనం ఎట్టా ఉందన్నయ్యా?" అని అడిగాడు. బాకీ ఉన్నవాణ్ణి గదా, "బాగానే ఉంది" అన్నా. రెండెకరాలకి అదే పోశాడు. ఆ ఏడే ఊరు విడిచి వెళ్ళాడు. అమ్మ పోయిన రోజు తప్ప ఈ గడప తొక్కలేదు.

అబద్ధం చెప్పమని నన్నెవరూ అడగలేదమ్మా. డబ్బిచ్చారు, అంతే.

నీ కష్టం నాకు తెలియక కాదు. పులికైతే 1973 నుంచే దేశానికో ప్రాజెక్టు ఉంది, మన మాచర్ల దాటితే పులుల అడవే. పట్నం చెరువుగట్టున, అపార్టుమెంట్ల గోడల సందున బతికే ముంగిసకీ నక్కకీ ఎవరిస్తారు డబ్బు? పైగా చదువు ఇప్పుడే అయిన పిల్లకి! చెరువు పూడ్చినవాడి దగ్గరే చెరువు లెక్క రాయడానికి చెయ్యి చాపాల్సిన రోజులొచ్చాయి. అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. 2025లో కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో బుల్డోజర్లు దిగితే సుప్రీంకోర్టు ఆపించింది. ఆ నేల మీద ఏ పక్షి, ఏ జంతువు ఉందో అక్కడి యూనివర్సిటీ విద్యార్థులు తిరిగి తిరిగి రాసుకున్న జాబితాలున్నాయి. ఆ జాబితా ముందు ఇంకెవరి చేతికో వెళ్ళి వస్తే దాన్ని ఎవరు నమ్ముతారు?

సలీం అలీ సంగతి నువ్వే చెప్పావు. 1930లో జర్మనీ నుంచి వచ్చేసరికి ఆయనకి ఉద్యోగం లేదు. జీతం వద్దు, తిరుగుడు ఖర్చులిస్తే చాలని ముందుకొస్తే నిజాం సర్కారు ఒప్పుకుంది. అలా 1931లో హైదరాబాద్ సంస్థానం పక్షుల సర్వే మొదలైంది. గొప్ప సంగతే. కానీ నిన్ను ఊరికే చెయ్యమనను. కడుపు కాలుతున్నప్పుడే మనిషి దేనిమీదైనా సంతకం పెడతాడు. నేను పెట్టింది అప్పుడే.

కాబట్టి విను. ఈ వారం సంతకం పెట్టకు. ఏది తేలినా పూర్తిగా, ఎవర్నీ అడక్కుండా ప్రచురించే హక్కు నాదేనని కాగితంలో రాయమను. రాయనంటే లేచి వచ్చెయ్. డిసెంబరు నెట్ పరీక్షకి దరఖాస్తు పెట్టు. జేఆర్ఎఫ్ వచ్చి పరిశోధనలో చేరితే నెలకి 37,000, పైన ఇంటద్దె భత్యం. ఇంగ్లండులో రఫర్డ్ ఫౌండేషన్ నీలాంటి కొత్తవాళ్ళకే చిన్న గ్రాంట్లిస్తుందట, ఇక్కడ ఇన్‌లాక్స్ వాళ్ళు రవి శంకరన్ పేరు మీద ఇస్తారట. రెంటికీ రాయి. సిఫారసు కోసం నిన్నెరిగిన ముగ్గురు మాస్టార్లతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకో, గడువు ముందురోజు పరుగెత్తకు.

కాలవకింద పొలం కౌలు డబ్బు వచ్చింది. ఆరునెలల గది అద్దె సోమవారం నీ ఖాతాలో వేయిస్తా. అది అప్పు కాదు, మీ నాన్నతో చెప్పకు.

ఆ కాగితం ఫొటో తీసి పంపు. అద్దాలు పెట్టుకుని చదువుతా. చివరి పేజీ కూడా పంపు.

తాతయ్య