ఆలస్యమైన పనికి కొత్త మనుషులు

1960లలో ఐబీఎంలో ఓఎస్/360 సాఫ్ట్‌వేర్ తయారీని నడిపించిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన ప్రాజెక్టుకు మనుషుల్ని పెంచితే అది మరింత ఆలస్యమవుతుందని 1975లో వచ్చిన తన పుస్తకంలో హెచ్చరించారు. కొత్తవాళ్లకు పని నేర్పాల్సింది అప్పటికే తలమునకలై ఉన్న పాతవాళ్లే కదా! పైగా అయిదుగురి జట్టులో ఇద్దరిద్దరి మధ్య మాట నడవాల్సిన దారులు 10. పదిమందైతే ఏకంగా 45.

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లకు నాదొక విన్నపం. గడువు ముంచుకొస్తుంటే, మనుషుల్ని పెంచే బదులు ముందు పనుల జాబితా తీయండి. ఉదాహరణకు, లాగిన్, చెల్లింపు, రసీదు లేనిదే కొనుగోళ్ల యాప్ నడవదు. రంగుల హంగులు వచ్చే నెల వచ్చినా నష్టం లేదు. గడువుకు అన్నీ పూర్తికావన్న సంగతి క్లయింటుకు ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. ఆఖరి రాత్రి చెబితే ఆయన చేయగలిగింది ఏమీ ఉండదు. రెండు వారాల ముందే తెలిస్తే, ఏది ఆపాలో ఆయనే చెబుతారు.