మాండవ్యుని కట్టడి

మహాభారతమున ఆదిపర్వమందు మాండవ్యుని కథ కలదు. చేయని దొంగతనమునకు కొఱత వేయబడిన ఆ ముని, కారణమేమని యమధర్మరాజును ప్రశ్నించెను. బాల్యమున తూనీగలకు గడ్డిపరక గ్రుచ్చిన ఫలమని సమాధానము! ముని కోపించి శపింపగా ధర్ముడే విదురుడై పుట్టెను. 14 ఏండ్లలోపు చేసినదానికి పాపమంటదని మాండవ్యుడు కట్టడి చేసెను.

మన 2015 నాటి బాలన్యాయ చట్టము 18 ఏండ్లు నిండనివారిని బాలురనియే ఎంచినది. (16 దాటినవారి ఘోరనేరములకు వేఱు విచారణ కలదు, ఆ చర్చ ఇక్కడ వలదు.) బాలన్యాయ మండలిలో మేజిస్ట్రేటుతోపాటు ఇద్దరు సంఘసేవకులుందురు. ప్రొబేషన్ అధికారి పిల్లవాని ఇల్లు, బడి, సావాసము విచారించి నివేదిక వ్రాయును.

అయినను, పాపమంటదనుటతో పని తీరునా? దండింపకుండుట వేఱు, దిద్దుట వేఱు. తండ్రి చేతి దెబ్బలు తిన్న పిల్లవాడే ఒకానొకప్పుడు మఱొకని తల పగులగొట్టును; నివేదికలో ఆ రెండును ఒకే పుటలో నుండును. అధికారికి చిక్కంతయు అక్కడనే. జాలిపడి దోషమును మఱచెనా, తల పగిలినవానికి అన్యాయము. దోషమొక్కటే చూచెనా, నాడు యముడు చేసినదియు అదియే కదా! రెంటిని మనసున నిలుపుకొని, అబద్ధమాడి పంపివేసిన గుమ్మమునకే పై వారము మరల పోవలెను. దీనిని తపస్సని పొగడి ఊరకుండుట మనకు సులభము. తపస్వికి సంసారము లేదు. ఈ అధికారికి ఇంటివద్ద తన పిల్లలును ఎదురుచూచుచుందురు.