అంగవైకల్యముగల విద్యార్థికి సహాయము: దయయా, బాకీయా?

మన వర్తక కుటుంబములలో దానమునకు లోటు లేదు. పర్యూషణలోగాని, ఇంట శుభకార్యములందుగాని చేయి వెనుకకు తీయువారు అరుదు. అయినను ఒక సందేహము నన్ను చాల కాలముగా వేధించుచున్నది. చూపులేని పిల్లవానికో, వినికిడిలేని బాలికకో చదువు నిమిత్తము మనమిచ్చు ధనమును దయ ఖాతాలో వ్రాయవలెనా, బాకీ ఖాతాలో వ్రాయవలెనా? ఇది వట్టి మాటల తగాదా కాదు. దయ అయినచో మనకు తోచినప్పుడు, తోచినంత ఇత్తుము. బాకీ అయినచో గడువునాటికి చెల్లించితీరవలెను. పుచ్చుకొనువాడు తల వంచనక్కరలేదు.

“అది వాని పూర్వకర్మ, మనమేమి చేయగలము?” అను మాట మన ఇండ్లలో వినబడుచుండును. కర్మసిద్ధాంతమును ఇట్లు వాడుకొనుట నాకు సమ్మతము కాదు. కన్ను పోవుటకు వాని కర్మయే కారణమనుకొందము. వాడు పుస్తకముల కొరకు మన అంగడిమెట్టు ఎక్కినప్పుడు మనము ముఖము త్రిప్పుకొనుట ఎవరి కర్మ? ఆ పద్దు మన పేరనే పడును.

పండిత సుఖలాల్ సంఘవీగారు 1880లో గుజరాతునందు వర్తక కుటుంబమున జన్మించి, పదునారవయేట మశూచివలన రెండు కన్నులను పోగొట్టుకొనిరి. ఇంట ఒక మూల కూర్చుండక, కాశీలోని యశోవిజయ పాఠశాలకు పోయి, ఇతరులు చదువుచుండగా విని శాస్త్రములు నేర్చిరి. పిమ్మట కాశీ హిందూ విశ్వవిద్యాలయములో జైనదర్శనము బోధించిరి. 1974లో పద్మభూషణ్ పొందిరి. వారి ప్రజ్ఞ వారిదే. కాని ఉండుటకు చోటు, చదివి వినిపించుటకు మనిషి లేకున్న ఆ ప్రజ్ఞ ఏమయ్యెడిది?

ప్రభుత్వము ఈ విషయమును హక్కుగానే ఒప్పుకొన్నది. 2016 చట్టము ప్రకారము 40 శాతము, అంతకుమించి వైకల్యముగల పిల్లలకు 6 మొదలు 18 ఏండ్ల వరకు ఉచిత విద్య. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థలలో 5 శాతమునకు తగ్గకుండ సీట్లు. 9వ తరగతినుండి కేంద్ర స్కాలర్‌షిప్పులున్నవి. జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయవలెను. ఇతర రాష్ట్రములలో స్థిరపడిన మనవారు ఒకటి గమనింపవలెను. రాష్ట్ర పథకములకు సాధారణముగా ఆ రాష్ట్రపు నివాస ధ్రువపత్రము కావలెను గనుక, బళ్లారిలోనో బరంపురములోనో పుట్టి పెరిగిన పిల్లలు తెలుగునాటి పథకములకై ఎదురుచూచుట వ్యర్థము.

అయితే వర్తకుని కంటికి ఇందు రెండు సందులు కనబడును. కాలేజి ఫీజు చేరునాడే కట్టవలెను; స్కాలర్‌షిప్పు సొమ్ము నెలలు గడచిన పిమ్మట వచ్చును. సరకు మంచిదైనను చేతిలో రొక్కము లేక దుకాణములు మూతబడుట మనమెరుగనిది కాదు. చదువులు కూడ అట్లే ఆగిపోవును. రెండవది ఆదాయ పరిమితి. పదవ తరగతివరకును, ఆపైనను ఇచ్చు సాధారణ స్కాలర్‌షిప్పులకు ఇటీవలి నిబంధనలలో అది ఏటికి 2.5 లక్షలు. నెలకు 22,000 జీతముగల గుమాస్తాకు ఏటికి 2,64,000 అగును. ఆ 14,000 అధికమైనందుకు వాని బిడ్డకు తలుపు మూయబడును. వాడు బీదవాడని ప్రభుత్వమనదు. మనలను అడుగుటకు వానికి మొగము చెల్లదు. మన అంగళ్లలోనే ఇట్టివారు ఎందరో!

ఇక ఇచ్చు తీరు. ఒక ఊరి సభలో చక్రాల కుర్చీలోని బాలికను నలుగురు వేదికమీదికి ఎత్తి, శాలువ కప్పి, 2,000 రూపాయల కవరు చేతికిచ్చి, ఫొటో సరిగా రాలేదని మరల ఇప్పించిరి. అప్పు తీర్చువాడు అప్పిచ్చినవానిని ఇట్లు ఊరేగించునా? దానపు విలువ విధి, ద్రవ్యము, దాత, పాత్ర అను నాలుగింటిని బట్టియుండునని ఉమాస్వాతి ఆచార్యులు చెప్పిరి. మనము పాత్రుని మాత్రము పది కాగితములడిగి పరీక్షింతుము. తక్కిన మూడును మనవైపువి గనుక చూడము.

“బాకీ అనుచున్నావు, పత్రమేది?” అని మా భాగస్థు డొకరు అడిగిరి. ప్రశ్న సబబైనదే. నేను హైస్కూలు చదివినది ఎవరో పెద్దలు కట్టించిన బోర్డింగులో, వారి అన్నము తిని. నాచేత వారు పత్రము వ్రాయించుకొనలేదు. వారు కాలముచేసిరి, వారికే తీర్చుటకు దారిలేదు. నాకు తెలిసిన పత్రమిదియే. మనలో అనేకులకు ఇట్టిది ఒకటి ఉండకపోదు.

మా ఊరిలో నాలుగు దుకాణములవారము కలిసి మొదటి విడత ఫీజును వడ్డీలేని చేబదులుగా ఇచ్చుచున్నాము. స్కాలర్‌షిప్పు వచ్చినచో తిరిగి జమయగును, రానిచో కొట్టివేయుదుము. ఆటోబాడుగ, పాఠము చదివి వినిపించువాని జీతము ఈ లెక్కలో చేరవు, అవి మావే. దరఖాస్తులు నింపుటకు కంప్యూటరు తెలిసిన యువకులు ఇద్దరు ఈ యేడు కావలసియున్నారు.