కర్త ఎక్కడున్నాడు?

సంకల్పం దేహాన్ని కదిలించే చోటు ఏదన్న పాత ప్రశ్నకు 1963లో నోబెల్ బహుమతి పొందిన నాడీశాస్త్రవేత్త జాన్ ఎక్లెస్ ఓ చిరునామా చెప్పాడు. నాడీకణం కొసన రసాయన సందేశం నింపుకున్న సంచులుంటాయి; ఒక్కొక్కటి సుమారు 40 నానోమీటర్ల వెడల్పు. విద్యుత్ సంకేతం వచ్చినప్పుడల్లా సంచి తెరుచుకోదు, తెరుచుకునే అవకాశం మాత్రమే ఉంటుంది. మనసు క్వాంటమ్ స్థాయిలో ఆ అవకాశాన్ని పెంచుతుందని, భౌతిక నియమాలకు భంగం లేకుండానే ఆత్మ మెదడును నడుపుతుందని భౌతికశాస్త్రవేత్త ఫ్రీడ్రిష్ బెక్‌తో కలిసి 1992లో ఆయన ప్రతిపాదించాడు.

ఈ వాదనలోని చిక్కు క్వాంటమ్ కాదు, కర్తను రసాయనం విడుదలయ్యే క్షణంలో వెతకడం. విద్యుత్ సంకేతం వెంట కాల్షియం నాడీకణం లోపలికి రాగానే మిల్లీసెకను లోపే సంచి తెరుచుకోగలుగుతోందంటే, పని చాలావరకు ముందే అయిపోయిందన్నమాట. కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఖర్చుచేసే ప్రోటాన్ పంపు బలంతో సంచి నిండుతుంది. తర్వాత కణం పొరను ఆనుకుంటుంది. మంక్-13 అనే ప్రోటీన్ సాయంతో సింటాక్సిన్ అనే మరో ప్రోటీన్ విచ్చుకుంటుంది, స్నేర్ ప్రోటీన్లు సగం దాకా పెనవేసుకుని ఎక్కుపెట్టిన విల్లులా ఆగుతాయి. కాల్షియాన్ని పసిగట్టే పని సినాప్టోటాగ్మిన్ అనే ప్రోటీన్‌ది. ఈ యంత్రాంగం గతాన్ని మరిచిపోదు. ఎప్లీసియా అనే సముద్రపు నత్తను పదేపదే మెల్లగా తాకితే విడుదలయ్యే రసాయనం తగ్గుతుందని, షాక్ తగిలాక పెరుగుతుందని ఎరిక్ క్యాండెల్ బృందం చూపించింది. జరిగిన అనుభవం జరగబోయే విడుదలను మారుస్తోంది.

కర్త గురించి భగవద్గీత కూడా మాట్లాడుతుంది. దాని పద్దెనిమిదో అధ్యాయం ప్రతి కర్మకూ అధిష్ఠానం, కర్త, కరణాలు, చేష్టలు, దైవం అని ఐదు కారణాలు చెప్పి, తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడలేడంటుంది. గీతలో నాడీశాస్త్రం ఉందని నేననను. ఎక్లెస్ ఊహించిన ఒంటరి కర్తను కాదనడానికి మాత్రం ఆ లెక్క చాలు. మనసును అభ్యాసంతో పట్టాలని ఆరో అధ్యాయం చెప్పడంలోనూ నిగ్రహం ఒక్క క్షణంలో పుట్టదన్న ఎరుక ఉంది.

సంచికి ఉద్దేశం లేదు కదా, ప్రోటీన్ల సన్నాహానికీ మనిషి సాధనకూ పోలికేమిటని అడగవచ్చు. నిజమే, ఉద్దేశం సంచిది కాదు, మనిషిది. కానీ మనిషి సాధన నిలవాలంటే దేహంలో మార్పు మిగలాలి, అది మిగిలే చోట్లలో ఈ సంచుల యంత్రాంగం ఒకటి. ఆ సాధన కూడా అణువుల ఫలితమే కదా అన్నది ఇంకా గట్టి ఆక్షేపణ. కారణం ఉండటం వేరు, బలవంతం వేరు. ఏ కారణమూ లేకుండా తెరుచుకున్న సంచి నా నిర్ణయం కాదు, యాదృచ్ఛికం. నా ఆలోచన, అలవాటు, పశ్చాత్తాపం కారణాలుగా జరిగినదే నాది అనిపించుకుంటుంది. అందుకే కోపంలో చెయ్యెత్తినవాడు ఆ క్షణం తన చేతిలో లేదని తప్పించుకోలేడు. ఏళ్ల తరబడి ఆ కోపాన్ని పెంచినందుకు జవాబు చెప్పాలి. దెబ్బల మధ్యే పెరిగినవాడి విషయంలో మాత్రం గీత చెప్పిన ఐదింటిలో కర్త కాక మిగతా నాలుగు కారణాలనూ తూచాకే తీర్పు చెప్పాలి.